నేను నిజంగా రక్షించబడ్డానా? – మనల్ని మనం పరీక్షించుకుందాం



ఈ వారం వీడియోలో స్వపరీక్ష గురించి మాట్లాడాను. సమయం సరిపోక కొన్ని లేఖనభాగాలను పైపైన చెప్పి ముందుకు వెళ్ళవలసి వచ్చింది. అందుకే ఆ పాఠాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. బైబిలు పక్కన పెట్టుకొని, రిఫరెన్సులు తెరిచి, నిదానంగా చదవండి. నా మాట మీద కాదు, వాక్యం మీద నిలబడండి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం వాగ్దానపు కార్డు తీసుకుంటాం కదా. ఆశీర్వాదం, కాపుదల, హెచ్చింపు, ఇలాంటి మాటలే ఆ కార్డుల మీద ఉంటాయి. మంచిదే, అవి దేవుని మాటలే. కానీ మత్తయి 7:23 ఉన్న కార్డు ఎవరికైనా వచ్చిందా? రాదు. ఎందుకంటే ఆ వచనాన్ని ఎవరూ కార్డు మీద అచ్చు వేయరు. అయితే ఆ మాట పలికింది కూడా మన ప్రభువే. ఓదార్పు మాటలను మాత్రమే ఏరుకొని, హెచ్చరిక మాటలను పక్కన పెట్టే అలవాటు మనకు తెలియకుండానే వచ్చేసింది. ఈ రోజు ఆ పక్కన పెట్టిన మాట దగ్గర కాసేపు కూర్చుందాం.

1. ఈ పరీక్ష ఎవరికి?

2 కొరింథీ 13:5 చూడండి. మీరు విశ్వాసంలో ఉన్నారో లేదో మీకు మీరే పరీక్ష పెట్టుకొని చూసుకోండి అని పౌలు రాశాడు. ఎవరికి రాశాడు? విగ్రహారాధికులకు కాదు. వాక్యం వింటున్నవారికి, ప్రభువు బల్లలో పాలు పొందుతున్నవారికి, వరాలు కలిగి ఉన్న కొరింథు సంఘానికి రాశాడు.

దానికి పైన మూడవ వచనం కూడా చదవండి. క్రీస్తు పౌలు ద్వారా నిజంగా మాట్లాడుతున్నాడా, దానికి రుజువు ఏమిటి అని వారు అడుగుతున్నారు. అంటే దైవసేవకుణ్ణి పరీక్షించడానికి వారు సిద్ధంగా ఉన్నారు. పౌలు ఆ ప్రశ్నను వారివైపే తిప్పాడు. ఈ రోజు మన పరిస్థితి కూడా అంతే కదండీ. ఫలానా పాస్టరుగారు ఎలాంటివారు, ఫలానా బోధ సరైనదా కాదా అని గంటలు గంటలు చర్చించుకుంటాం. మన ఆత్మ సంగతి చూసుకోవడానికి మాత్రం పది నిమిషాలు దొరకదు.

2. చేతిలో జాబితా ఉన్నవారు

ఇప్పుడు మత్తయి 7:21-23 తెరవండి. తీర్పు దినాన కొందరు ప్రభువు ముందు నిలబడి తమ పనులు చెప్పుకుంటారు. ప్రవచించాం అంటారు, దయ్యాలను వెళ్ళగొట్టాం అంటారు, అద్భుతాలు చేశాం అంటారు. అన్నీ ఆయన పేరు మీదే చేశామంటారు. ప్రభువు వారిని అంగీకరించడు.

ఇక్కడ నాలుగు సంగతులు గమనించండి.

మొదటిది, వారు కొద్దిమంది కాదు. అనేకులు అని ప్రభువే చెప్పాడు.

రెండవది, వారు నాస్తికులు కాదు. ఆయనను ప్రభువు అని పిలిచేవారే. అది కూడా ఒకసారి కాదు, రెండుసార్లు పిలుస్తారు.

మూడవది, వారు ఆ రోజు వరకు తమకు ఏ లోటూ లేదనే నమ్మారు. వారు మోసగించినది మొదట తమను తామే. అబద్ధపు నిశ్చయతలో ఉన్న ప్రమాదం ఇదే. తనకు జబ్బు ఉందని తెలిసినవాడు ఎప్పుడో ఒకప్పుడు ఆసుపత్రికి వెళ్తాడు. నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాను అనుకునేవాడు వెళ్ళడు.

నాలుగవది చాలా ముఖ్యం. ప్రభువు వారితో, మీరు ఒకప్పుడు నావారు, తరువాత తప్పిపోయారు అనలేదు. మీతో నాకు ఎప్పుడూ పరిచయమే లేదు అనే భావంలో మాట్లాడాడు. వచ్చిన రక్షణ పోతుందా, పోదా అని మనం వాదించుకుంటూ ఉంటాం. కానీ వీరి విషయంలో ప్రశ్న అది కాదు. అసలు వచ్చిందా అనేదే ప్రశ్న.

ఇప్పుడు మత్తయి 25:34-40కి వెళ్ళండి. అక్కడ కుడివైపున ఉన్నవారిని రాజు మెచ్చుకుంటాడు. ఆకలిగా ఉన్నప్పుడు భోజనం పెట్టారు, చెరసాలలో ఉన్నప్పుడు వచ్చారు అంటాడు. దానికి వారు ఏమంటారు? ప్రభువా, అది ఎప్పుడు జరిగింది అని ఆశ్చర్యపోతారు! వారికి గుర్తే లేదు.

ఈ రెండు గుంపులను పక్కపక్కన పెట్టి చూడండి. త్రోసివేయబడిన గుంపు చేతిలో పెద్ద జాబితా ఉంది. చేర్చుకోబడిన గుంపు చేతిలో ఏ జాబితా లేదు. మొదటి గుంపువారు తాము చేసినవి లెక్క రాసుకున్నారు. రెండవ గుంపువారి పనులను ప్రభువు లెక్క రాసుకున్నాడు. నా ప్రియులారా, ఈ పాఠంలో మీరు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. నేను రక్షించబడ్డాను అని చెప్పడానికి నేను చూపిస్తున్నది ఏమిటి? నేను చేసిన పనుల జాబితానా, నన్ను ఎరిగిన ప్రభువునా?

3. మన జాబితాలో సాధారణంగా ఉండేవి

*మాది క్రైస్తవ కుటుంబం.* "మా తాతగారు మిషనరీల కాలంలో రక్షణలోకి వచ్చారు. మా నాన్నగారు సంఘపెద్ద." మంచి సాక్ష్యమే, దేవునికి స్తోత్రం. అయితే 1 సమూయేలు 2:12 చదవండి. హొఫ్నీ, ఫీనెహాసు యాజకుడి ఇంట్లో పుట్టారు, మందిరంలోనే పెరిగారు, యాజక వస్త్రం వేసుకున్నారు. యెహోవా ఎవరో మాత్రం వారికి తెలియదు అంటుంది వాక్యం. పాస్టరుగారి పిల్లలకు కూడా, నాలాంటి బోధకుల పిల్లలకు కూడా, మినహాయింపు లేదు.

*ఫలానా మీటింగుల్లో చెయ్యి ఎత్తాను, బాప్తిస్మం తీసుకున్నాను.* అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో సీమోను అనే గారడీవాడు ఉన్నాడు. అతడు నమ్మాడు, బాప్తిస్మం పొందాడు, ఫిలిప్పును విడవకుండా తిరిగాడు అని 13వ వచనం చెబుతోంది. మన సంఘంలో ఉంటే అతన్ని వెంటనే సాక్ష్యం చెప్పమని నిలబెట్టేవాళ్ళం. కానీ అపొస్తలులు చేతులుంచితే పరిశుద్ధాత్మ దిగిరావడం చూసి, ఆ అధికారాన్ని డబ్బు ఇచ్చి కొనబోయాడు. పేతురు గద్దించినప్పుడు అతడు ఏమి కోరుకున్నాడో 24వ వచనంలో చూడండి. మీరు చెప్పిన శిక్ష నా మీదికి రాకుండా ప్రార్థన చేయండి అన్నాడు. నా హృదయం మారేలా ప్రార్థించండి అనలేదు. శిక్ష నుండి తప్పించుకోవాలనే ఆశ వేరు, పాపం నుండి విడుదల పొందాలనే ఆశ వేరు. మొదటిది అందరికీ ఉంటుంది.

*నేను పరిచర్యలో ఉన్నాను, దేవుడు నన్ను వాడుకుంటున్నాడు.* పన్నెండుమందికి స్వస్థపరిచే అధికారం ఇచ్చి పంపినప్పుడు ఆ పేర్లలో యూదా పేరు కూడా ఉంది (మత్తయి 10:1-4). కడరాత్రి అతడు బయటికి వెళ్తుంటే, పేదలకు ఏదైనా ఇవ్వడానికి వెళ్తున్నాడేమో అనుకున్నారు తోటి శిష్యులు (యోహాను 13:29). అంత బాగా కలిసిపోయాడు. దేవుడు వాడుకోవడం గొప్ప సంగతే, కానీ అది రక్షణకు రుజువు కాదు. ఆయన బిలాము గాడిద నోరు కూడా వాడుకున్నాడు.

*నాకు వాక్యం బాగా తెలుసు.* దేవుడు ఒక్కడే అని దయ్యాలకు కూడా తెలుసు, వాటికి వణుకు కూడా ఉంది అంటాడు యాకోబు (2:19). మనలో కొంతమందికి జ్ఞానం ఉంది, ఆ వణుకు కూడా లేదు.

*ఆరాధనలో నాకు కన్నీళ్ళు వస్తాయి.* రాతినేలను గుర్తుచేసుకోండి (మత్తయి 13:20-21). వాక్యాన్ని సంతోషంగా అంగీకరించిన నేల అది! వేరు మాత్రం లేదు. హేరోదు యోహాను బోధను ఇష్టంగా వినేవాడు (మార్కు 6:20). ఫేలిక్సు పౌలు మాటలకు భయపడ్డాడు (అపొ. కా. 24:25). ఒకడు సంతోషించాడు, ఒకడు వణికాడు, ఇద్దరూ మారలేదు. అమెరికాలో గొప్ప ఉజ్జీవాలను కళ్ళారా చూసిన జోనాథన్ ఎడ్వర్డ్స్ 1746లో ఈ అంశం మీదే ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. భావోద్వేగం బలంగా ఉన్నంత మాత్రాన అది దేవుని నుండి వచ్చిందనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం అని వివరించి, పన్నెండు నిజమైన గుర్తులు చెప్పాడు. చివరి గుర్తు ఏమిటో తెలుసా? రోజువారీ జీవితంలో కనబడే విధేయత.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను బాప్తిస్మాన్ని, పరిచర్యను, కన్నీటి ప్రార్థనను తక్కువ చేయడం లేదు. ఇవన్నీ కావాలి. కానీ ఇవి ప్రభువు స్థానంలో కూర్చోకూడదు.

4. మిషనరీగా వెళ్ళిన జాన్ వెస్లీ

చరిత్రలో నుండి ఒక సాక్ష్యం చూద్దాం. జాన్ వెస్లీ ఆంగ్ల సంఘంలో అభిషేకం పొందిన సేవకుడు. ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు స్నేహితులతో కలిసి వారానికి రెండు రోజులు ఉపవాసం ఉండేవాడు, చెరసాలలో ఖైదీలను దర్శించేవాడు, క్రమంగా ప్రభువు బల్ల తీసుకునేవాడు. 1735లో అమెరికాలోని జార్జియాకు మిషనరీగా ఓడ ఎక్కాడు. జాబితా రాస్తే మనలో ఎవరి జాబితా కూడా ఆయన జాబితా ముందు నిలవదు.

దారిలో పెద్ద తుఫాను వచ్చింది. కెరటం ఓడ మీదికి విరుచుకుపడింది, తెరచాప చినిగిపోయింది. ఇంగ్లీషువారు కేకలు పెట్టారు. అదే ఓడలో ఉన్న మొరేవియన్ విశ్వాసులు మాత్రం పాడుతున్న కీర్తన ఆపలేదు. మీ స్త్రీలు, పిల్లలు భయపడలేదా అని వెస్లీ అడిగితే, వారికి చావంటే భయం లేదని జవాబు వచ్చింది. తన లోపల మాత్రం ఆ ధైర్యం లేదని వెస్లీకి అర్థమైంది.

1736లో జార్జియా చేరిన తరువాత స్పాంగెన్‌బర్గ్ అనే మొరేవియన్ నాయకుడు ఆయనను సూటిగా అడిగాడు, నీకు యేసుక్రీస్తు తెలుసా అని. ఆయన లోకరక్షకుడని తెలుసు అన్నాడు వెస్లీ. అది నిజమే, కానీ నిన్ను రక్షించాడని తెలుసా అని మళ్ళీ అడిగాడు. నన్ను రక్షించడానికి ఆయన చనిపోయాడని ఆశిస్తున్నాను అన్నాడు వెస్లీ. కానీ ఆ మాటలో బలం లేదని తన దినచర్య పుస్తకంలో తానే రాసుకున్నాడు.

1738లో ఇంగ్లండుకు తిరిగి వచ్చాడు. ఆ సంవత్సరం మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూడిక జరిగింది. రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతున్నారు. అది వింటుండగా, నేను క్రీస్తును, క్రీస్తును మాత్రమే నమ్ముకుంటున్నాను, ఆయన నా పాపాలనే తీసివేశాడు అనే నిశ్చయత ఆయన హృదయంలో కలిగింది.

ఆ తరువాత వెస్లీ పనులు మానేశాడా? లేదు. 1791లో చనిపోయేవరకు ఎడతెగక ప్రకటించాడు. ఖైదీలను, పేదలను విడిచిపెట్టలేదు. పనులు అవే. కానీ ఇంతకుముందు వేరు కోసం వెతుకుతూ చేసినవి, ఇప్పుడు వేరు నుండి ఫలాలుగా వచ్చాయి.

5. మరి నిజమైన గుర్తులు ఏమిటి?

రిటైరైన ఉద్యోగులు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, తెలుసు కదా. ఎన్నేళ్ళు సర్వీసు చేశారు, ఎన్ని ప్రమోషన్లు వచ్చాయి అని అప్పుడు ఎవరూ అడగరు. ఇప్పుడు బతికి ఉన్నారా అన్నదే ప్రశ్న. స్వపరీక్ష కూడా అలాంటిదే. 1998లో ఏం జరిగింది అని కాదు, ఈ రోజు ఊపిరి ఉందా అని చూసుకోవాలి.

దీనికోసమే యోహాను తన మొదటి పత్రిక రాశాడు. మీకు నిత్యజీవం ఉందని మీరు తెలుసుకోవాలనే రాస్తున్నాను అని 5:13లో ఉద్దేశం చెప్పాడు. ఆ పత్రికలో నుండి ఐదు ప్రశ్నలు.

మొదటి ప్రశ్న: పాపంతో నా సంబంధం ఎలా ఉంది? (1:8-10, 3:9) నాలో పాపమే లేదనేవాడు అబద్ధికుడు. కాబట్టి పాపం చేశానా లేదా అన్నది ప్రశ్న కాదు, దానితో రాజీపడి బతుకుతున్నానా అన్నది ప్రశ్న. నలుసు చెప్పు కింద పడితే మనకు తెలియనే తెలియదు. అదే కంట్లో పడితే తీసేవరకు నిద్ర పట్టదు. పాపం మీకు చెప్పు కింద నలుసా, కంట్లో నలుసా?

రెండవ ప్రశ్న: ఎవరూ చూడనప్పుడు ఆయన మాట వింటున్నానా? (2:3-6) స్టేజీ మీద సంగతి కాదు. తీసుకున్న అప్పు, చిట్టీ డబ్బులు, పొలం గట్టు, కొడుకు పెళ్ళిలో కట్నం, రాత్రి చేతిలో ఉన్న ఫోను. ఇక్కడ మన ప్రభువు ఎవరో తెలుస్తుంది.

మూడవ ప్రశ్న: సహోదరుణ్ణి ప్రేమిస్తున్నానా? (3:14-18, 4:20) ఒకే రొట్టెలో పాలు పొంది, పెళ్ళి సంబంధం దగ్గర మొదటి మాటగా కులం అడుగుతున్నామా? ఒకే సంఘంలో కూర్చొని అన్నతమ్ముడితో ఏళ్ళ తరబడి మాటలు లేకుండా ఉన్నామా? కనబడే సహోదరుణ్ణి ప్రేమించకుండా కనబడని దేవుణ్ణి ప్రేమిస్తున్నాననడం కుదరదు అంటాడు యోహాను. ఇది నా మాట కాదండి.

నాలుగవ ప్రశ్న: నా ఆశ దేని మీద ఉంది? (2:15-17) లోకంలో బతకాలి, పని చేయాలి, సంపాదించాలి. కానీ దేవుడు ఆశీర్వాదాలు ఇవ్వడం మానేస్తే కూడా నాకు ఆయన కావాలా?

ఐదవ ప్రశ్న: దేవుడు తన కుమారుని గురించి ఇచ్చిన సాక్ష్యాన్ని నేను నమ్ముతున్నానా? (5:10-12) కుమారుడు ఉన్నవానికే జీవం ఉంది. మిగతా నాలుగు ఈ ఐదవదానిలో నుండి పుట్టేవే.

ఈ ఐదింటిలో నూటికి నూరు మార్కులు వచ్చినవాడు ఎవడూ లేడు. పరిపూర్ణత కాదు, జీవం ఉందా అని వెతకండి. చిన్న మొక్కకైనా ఊపిరి ఉంటే చిగురు కనబడుతుంది.

6. ఇది చదివి భయపడుతున్నవారికి

ఇలాంటి పాఠం విన్నప్పుడు తరచుగా ఒకటి జరుగుతుంది. మొద్దుబారినవారు ఇది పక్కింటివాళ్ళకు సరిపోతుంది అనుకుంటారు. సున్నితమైన మనస్సాక్షి ఉన్నవారు రాత్రంతా నిద్రపోరు.

కడరాత్రి భోజనం బల్ల దగ్గర చూడండి (మత్తయి 26:20-25). మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు అని ప్రభువు చెప్పగానే శిష్యులు ఒకరి తరువాత ఒకరు, నేను కాదు కదా ప్రభువా అని దుఃఖంతో అడిగారు. ఎవరూ ఇతడేనేమో అని పక్కవాణ్ణి చూపించలేదు. యూదా కూడా అదే ప్రశ్న అడిగాడు, కానీ అందరూ ప్రభువా అని పిలిస్తే అతడు బోధకుడా అని పిలిచాడు. పదకొండుమంది నిర్దోషులే, అయినా తమను తాము అనుమానించుకున్నారు. కాబట్టి నేను కాదు కదా అని నీ గుండె అడుగుతుంటే, అది నీవు యూదావి అనడానికి గుర్తు కాదు. బహుశా జీవం ఉందనడానికే గుర్తు.

అదే రాత్రి పేతురు పడిపోయాడు, ఏడ్చాడు, ప్రభువు దగ్గరికి తిరిగి వచ్చాడు. యూదా కూడా బాధపడ్డాడు, నాణేలు తిరిగి ఇచ్చాడు, తప్పు చేశానని ఒప్పుకున్నాడు (మత్తయి 27:3-5). కానీ యాజకుల దగ్గరికి వెళ్ళాడు, ప్రభువు దగ్గరికి వెళ్ళలేదు. తేడా కన్నీళ్ళలో లేదు, కాళ్ళు ఎటు నడిచాయో అందులో ఉంది.

మన హృదయం మనమీద నేరం మోపినా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడు (1 యోహాను 3:20). తన దగ్గరికి వచ్చేవాణ్ణి ఆయన బయటికి నెట్టేయడు (యోహాను 6:37). కాబట్టి లోపలికి ఒకసారి చూసుకుంటే, సిలువవైపు పదిసార్లు చూడండి.

7. ఇప్పుడు ఏం చేయాలి?

ఒకటి, ఈ వారం ఒక రాత్రి ఫోను పక్కన పెట్టి, 139వ కీర్తన చివరి రెండు వచనాలు చదివి, ప్రభువా నన్ను నీవే వెతికి చూడు అని అడగండి. మనల్ని మనం పరీక్షించుకుంటే దాచుకుంటాం, ఆయన పరీక్షిస్తే బయటపెడతాడు, బాగు కూడా చేస్తాడు.

రెండు, ఆయన ఏదైనా చూపిస్తే వాయిదా వేయకండి. జక్కయ్య ప్రభువును ఇంటికి చేర్చుకున్న రోజే, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). ఇవ్వాల్సినది ఇవ్వండి. మాట్లాడాల్సినవారితో మాట్లాడండి.

మూడు, ఇంతవరకు నేను క్రీస్తును కాదు, నా జాబితానే నమ్ముకున్నాను అని ఎవరికైనా అనిపిస్తే, సిగ్గుపడకండి. ఇరవై ఏళ్ళ నుండి సంఘంలో ఉన్నాను, ఇప్పుడు రక్షణ లేదంటే అందరూ ఏమనుకుంటారు అని ఆగిపోకండి. నలుగురి ముందు ఈ రోజు కలిగే సిగ్గు చిన్నది. ఆ దినాన తలుపు బయట నిలబడటం చిన్నది కాదు. ఈ రోజు తలుపు తెరిచే ఉంది.

ప్రార్థన చేద్దాం.

పరిశుద్ధుడవైన తండ్రీ, నీ ముందు చూపించుకోవడానికి మా దగ్గర ఏమీ లేదు. మేము గొప్పగా ఎంచుకున్నవాటిని నీ పాదాల దగ్గర విడిచిపెడుతున్నాము. మాలో ఎవరైనా అబద్ధపు నిశ్చయతలో నిద్రపోతుంటే దయతో లేపుము. ఎవరైనా భయంతో కృంగిపోతుంటే నీ కుమారుని గాయాలను చూపించి ఆదరించుము. నిన్ను ఎరుగునట్లు, నీచేత ఎరుగబడినవారమై ఉండునట్లు కృప దయచేయుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు మిమ్మల్నీ మీ కుటుంబాన్నీ దీవించును గాక. వచ్చే వారం మరొక పాఠంతో కలుసుకుందాం.